నేను పాడని మంద్ర షడ్జం

నేను దయ్యాలను నమ్మను. కుర్రతనంలో పందెం కాసి, కోనసీమలో మా ఊరి శ్మశానంలో రాత్రంతా ఒక్కణ్నే కూర్చుని కల్యాణి రాగం సాధన చేసినవాణ్ని.

సరే, రాత్రంతా కాదు. పొద్దు వాలే దాకా. ఒక్కణ్నే కూడా కాదు, స్నేహితులు కాలవగట్టు మీద నిలబడి చూస్తున్నారు. పాడింది కల్యాణీ కాదు, సరళీ స్వరాలు. అవి కూడా సగంలో ఆపేసి పరుగెత్తాను. అయినా పరుగెత్తింది కుక్కను చూసి. దయ్యాన్ని చూసి కాదు.

నా అలవాటే అంత. ముందు పెంచి చెబుతాను. తర్వాత కడుపులో నిలవదు, ఒప్పేసుకుంటాను. ఇప్పుడు రాయబోయే దాంట్లో ఎక్కడ పెంచితే అక్కడే చెప్పేస్తాను. ఎందుకంటే నా జన్మలో ఉన్నది ఉన్నట్టు చెప్పిన విషయం ఇదొక్కటే, దీన్నే ఎవరూ నమ్మడం లేదు.

నాకు అరవై దాటాయి. కువైట్‌లో శాస్త్రీయ సంగీతం పాడుతూ, పిల్లలకు నేర్పుతూ బతుకుతున్నాను. మగవాళ్లు మామూలుగా పాడే శ్రుతి కంటే నా గొంతు బాగా కింద ఉంటుంది. గోవా నుంచి వచ్చిన ఒక పియానో మాస్టారు నా పాట విని, దీన్ని మావాళ్లు బారిటోన్ అంటారు అన్నాడు. ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే వెంటనే కార్డులు అచ్చు వేయించాను. "శాస్త్రీయ బారిటోన్ గాయకుడు, మంద్రస్థాయి సార్వభౌమ." బిరుదు ఇచ్చిన సభ ఏదని అడక్కండి. ఆ సభలో ఉన్నది నేనొక్కణ్నే.

ఈ గొంతుతో బతకడం ఎంత విసుగో చెప్పలేను. ఫోను ఎత్తితే జలుబు చేసిందా అంటారు. మనవాళ్లు నాటకం వేస్తే యముడు నేనే, ఆకాశవాణి నేనే. ఆకాశవాణి అంటే తెర వెనక నిలబడాలి కాబట్టి ఫొటోలో కూడా ఉండను. వ్రతానికి పిలిచి హారతి పాడమంటారు. పాడటం మొదలు పెట్టగానే ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. మహబూలాలో నేనుండే గదిలో సాధన చేద్దామంటే, రాత్రి డ్యూటీ చేసి పడుకున్నవాళ్లు గోడ మీద కొడతారు. పోయి సముద్రం ఒడ్డున పాడుకుంటాను. సముద్రానికీ పెద్దగా నచ్చినట్టు కనిపించదు.

అన్నిటినీ మించిన చికాకు మృదంగం. దాన్ని గాయకుడి శ్రుతికి కలపాలి. నా శ్రుతికి కలవాలంటే పెద్ద మృదంగం కావాలి. నాకు వాయించే గంగారాం దగ్గర ఉన్నది చిన్నది. అతనిది జగిత్యాల వైపు. దజీజ్‌లో ఒక గోదాములో ఏసీ మెకానిక్కు, చెయ్యి మాత్రం బంగారం. ఎప్పుడు అడిగినా ఒకటే మాట.

"గంత కిందికి దించితె ఇది మృదంగం గాదు సార్, పిండిసంచి అయితది. మీరే జర మీదికి రాన్రి."

అలా ఏళ్ల తరబడి నాది కాని శ్రుతిలో పాడాను. చెప్పుకు సరిపోయేలా కాలు కోసుకున్నట్టు.

క్లాసులు జరిగేది జాబ్రియాలో ఒక విల్లా అడుగున. ఇక్కడి పెద్ద ఇళ్లకు నేల కింద ఒక హాలు ఉంటుంది, సర్దాబ్ అంటారు. దాన్ని కాకినాడ నుంచి వచ్చిన శ్యామల గారు అద్దెకు తీసుకుని పాట, నాట్యం నేర్పిస్తున్నారు. నా ఇఖామా, అంటే ఈ దేశంలో ఉండటానికి ఇచ్చే అనుమతి, ఆవిడ సంస్థ మీదే ఉంది. మొన్న మార్చిలో ఆవిడ నన్ను పక్కకు పిలిచారు.

"ఏమీ అనుకోకండి మాస్టారూ. పిల్లలు ఇంటికెళ్లి మీలాగే బొంగురుగా పాడుతున్నారంటండి. తల్లులందరూ గొడవ. ఈ శుక్రవారం మీ కచేరీ పెడదాం, అందరూ వస్తారు. వాళ్లకి నచ్చిందా, సరే. లేదంటే ఈసారి ఇఖామా కట్టించడం నా వల్ల కాదండి."

అంటే ఖలాస్. ఈ వయసులో నాకు పూచీ పడే ఇంకో కఫీల్ ఎక్కడ దొరుకుతాడు? మా ఊళ్లో పాడేవాళ్లు వీధికొకరు ఉన్నారు. ఇక్కడైతే కనీసం యముడి వేషమైనా దక్కుతోంది.

ఆ భయంలో నా నోరు ఊరుకోలేదు. వాట్సాప్‌లో ఆహ్వానం నేనే రాశాను. "అరుదైన మంద్ర షడ్జాన్ని ప్రత్యక్షంగా వినండి" అని పెట్టాను. మంద్ర షడ్జం అంటే మనం పాట మొదలుపెట్టే 'స' ఉంటుంది కదా, దానికి సరిగ్గా ఒక స్థాయి కింద ఉండే 'స'. మనిషి గొంతు దాదాపు అక్కడితో సరి. నేను దాన్ని రోజూ పాడతానని రాశాను. నిజానికి నా జీవితంలో అది ఒకటి రెండు సార్లు తగిలింది, అది కూడా తెల్లవారుజామున, జలుబు చేసినప్పుడు.

కచేరీ వారంలోనే దుమ్ము లేచింది. ఆకాశం ఇటుకపొడి రంగుకు తిరిగింది. రెండు రోజులు దగ్గాను. దగ్గు తగ్గేసరికి కింది పంచమం కూడా పోయింది. షడ్జం మాట దేవుడెరుగు.

శుక్రవారం పొద్దున సర్దాబ్ నిండా జనం. రెండు వందల మంది దాకా వచ్చారు. కాదు, నలభై మంది, పిల్లలను కలుపుకుని. ఎండలు ఇంకా ముదరలేదు, పైగా మైకులో ఏసీ మోత వినబడుతోందని గంగారాం స్వయంగా వెళ్లి ఏసీ ఆపేసి వచ్చాడు. వయొలిన్ లేదు. నేను, గంగారాం, కరెంటుతో మోగే తంబురా పెట్టె.

ఏం చెయ్యాలో నేను ముందే అనుకుని వచ్చాను. మా వృత్తిలో ఒక కిటుకు ఉంది. స్వరం కిందికి దించేటప్పుడు చెయ్యి కూడా మెల్లగా నేల దాకా దించితే, గొంతు ఎక్కడ ఆగిపోయినా సగం మంది అది చేతితో పాటే దిగిందనుకుంటారు. మిగతా సగం మంది తాము వినలేకపోయామని సిగ్గుపడి తల ఊపుతారు. ఆ కిటుకు మీద నేను చాలా కచేరీలు గట్టెక్కాను.

తోడి ఆలాపన చేశాను. మెట్టు మెట్టుగా దిగాను. కింది నిషాదం దగ్గరే గొంతు గరగరలాడింది. ధైవతం సగమే పలికింది. ఇక చెయ్యి దించడం మొదలుపెట్టాను. కళ్లు మూసుకున్నాను, నోరు తెరిచాను, గాలి తప్ప ఏమీ రాలేదు. నా అరచెయ్యి చాపకు తగిలింది.

అప్పుడు వచ్చింది.

చెవికంటే ముందు కూర్చున్న చాపలో తెలిసింది. తర్వాత విన్నాను. షడ్జం. శ్రుతికి వెంట్రుకవాసి తేడా లేదు. గరగర లేదు, వణుకు లేదు. ఒక్క గొంతో, చాలా గొంతులో కూడా చెప్పలేను. ముందు మైకులో ఏదో మోత అనుకున్నాను. తర్వాత సంతోషపడ్డాను, నాదే అనుకుని. ఆ సంతోషంలో గుటక మింగడానికి నోరు మూసుకున్నాను.

అది ఆగలేదు.

కళ్లు తెరిచాను. జనం కదలడం లేదు. పక్కకు చూస్తే, గంగారాం మృదంగం ఎడమ వైపు అరచెయ్యి ఆనించి దాన్నే చూస్తున్నాడు. ఆ చర్మం దానంతట అదే అదురుతోందని తర్వాత చెప్పాడు. నేను చెయ్యి పైకెత్తాను. నా చేతితో దానికి పనే లేదు. దాని ఇష్టం ఉన్నంత సేపు ఉండి, బిందెలో నీళ్లు నిలకడకు వచ్చినట్టు మెల్లగా సద్దుమణిగింది.

నలభై మందీ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఏళ్ల తరబడి నోరు తెరిచి పాడిన దేనికీ ఎవరూ లేచి నిలబడలేదు. నోరు మూసుకున్నందుకు నిలబడ్డారు.

ఆ చప్పట్లలోనే మెట్ల మీద కర్ర చప్పుడు వినిపించింది. ఆ ఇంటి యజమానురాలు, ఎనభై దాటిన కువైటీ ఆవిడ, ఎన్నడూ కిందికి రాలేదు. మృదంగం మోగితే మాత్రం పైనుంచి నేల మీద కర్రతో కొట్టేది. ఆ రోజు మెట్లు దిగి వచ్చింది. ఆవిడ భుజం పట్టుకుని, ఇంట్లో పనిచేసే నాగమణి. నాగమణిది మా కోనసీమే, రాజోలు వైపు.

"ఇందాక పాడింది ఎవరని మామా అడుగుతున్నారండి" అంది. ఇక్కడ పనివాళ్లు ఇంటి యజమానురాలిని మామా అనే పిలుస్తారు.

అందరూ నన్ను చూపించారు. ముసలావిడ నన్ను చాలాసేపు చూసింది. ఏదో చెప్పింది.

"వాళ్ల నాన్నగారు ముత్యాల వేట పడవల మీద వెళ్లేవారంటండి. పడవ మీద ఒకడు పాట ఎత్తుకుంటే, మిగతా జనమంతా అచ్చం ఇలాగే అడుగు గొంతుతో గుమ్మనేవారంట. చిన్నప్పుడెప్పుడో విన్నదేనంటండి, మళ్లీ ఇప్పుడే."

ఆ సమయంలో సర్దాబ్‌లో ఉప్పునీటి వాసన వచ్చిందని తర్వాత ఒకరిద్దరికి చెప్పాను. అది అబద్ధం. ఏ వాసనా రాలేదు.

జనం వెళ్లాక శ్యామల గారికి ఉన్నమాట చెప్పాను. ఆ స్వరం నాది కాదండీ, నేను నోరు మూసుకుని ఉన్నాను అన్నాను. ఆవిడ పకపకా నవ్వారు.

"ఎన్నడూ లేనిది ఇవాళ ఈ వినయమేంటండి మాస్టారూ! ఇఖామా కాగితాలు ఆదివారం తెచ్చివ్వండి."

గంగారాం పక్కనే కూర్చున్నవాడు, నా నోరు మూసి ఉండటం కళ్లారా చూసినవాడు. వాడైనా సాక్ష్యం చెబుతాడనుకున్నాను.

"అవ్ సార్, నేను జూసిన. నోరు మూసుకోని పాడిన్రు. గది మామూలు ముచ్చటనా? గసుంటి విద్య దగ్గర వెట్టుకోని గిన్నొద్దులు దాసిన్రు గద!" అని నా కాళ్లకు దండం పెట్టాడు.

ఒక తల్లి ఫోన్లో వీడియో తీసింది. స్వరం అందులో శుభ్రంగా వినిపిస్తుంది. నా నోటికి సరిగ్గా అడ్డంగా మైకు.

ఊరుకోలేక మర్నాడు గంగారాంను పట్టుకుని హాలంతా వెతికించాను. ఆపిన ఏసీ ఆపినట్టే ఉంది. నీళ్ల మోటారు మేడ మీద ఉంది, దాన్ని ఆ పూట వెయ్యనే లేదని నాగమణి చెప్పింది. తంబురా పెట్టెలో అంత కింది షడ్జం లేదు. స్పీకర్లు విప్పి చూశాం. వెతుకుతున్నంత సేపూ గంగారాం ముసిముసిగా నవ్వుతూనే ఉన్నాడు, మాస్టారు నాటకం బాగా రక్తి కట్టిస్తున్నాడని.

ఇప్పుడు నా బతుకు ఇంకో రకం విసుగు. ఎక్కడికి వెళ్లినా ఆ కింది స్వరం ఒక్కసారి మాస్టారూ అంటారు. దుమ్ము అంటాను, వయసు అంటాను, ఉపవాసం అంటాను. పిల్లలు మెడలు కిందికి వంచి దాన్ని సాధన చేస్తున్నారు. నేను మాత్రం ఎవరూ లేనప్పుడు ఆ చాప మీదే కూర్చుని చెయ్యి దించి, నోరు తెరిచి, మూసి చూస్తాను. ఏమీ రాదు.

ముసలావిడ ఇప్పుడు శుక్రవారం శుక్రవారం కిందికి వచ్చి మెట్ల పక్కన కుర్చీలో కూర్చుంటోంది. నేను పాడతాను. గొంతు కొంత బాగుపడింది, ఒక రోజు కింది పంచమం దాకా చక్కగా దిగాను. పొంగిపోయి ఆవిడ వైపు చూశాను. ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపి నాగమణి చెవిలో ఏదో చెప్పింది. నాగమణి చెప్పడానికి మొహమాటపడింది.

"ఏమీ అనుకోకండి మాస్టారూ. మీరు కాదంటున్నారండి మామా. ఆ రెండో ఆయన్ని పాడమంటున్నారు."

నా కళ్లు చెమర్చాయి అని రాయాలని ఉంది. నిజానికి ఒళ్లు మండింది. ఇన్నాళ్లకు నా మాట నమ్మే మనిషి ఒకరు దొరికారు, ఆవిడకూ నా పాట అక్కర్లేదు.

"ఆయన సెలవులో ఉన్నాడని చెప్పమ్మా" అన్నాను.

నాగమణి ఉన్నదున్నట్టు అరబ్బీలో చెప్పింది. ముసలావిడ అర్థమైనట్టు తలాడించింది.

ఆ తర్వాతి శుక్రవారం నుంచి పైనుంచి రెండు చిన్న గ్లాసుల్లో టీ వస్తోంది. ఒకటి నాకు. రెండోది తంబురా పెట్టె పక్కన పెట్టమని ఆవిడ ఆజ్ఞ. నేను పాఠం ముగించి చూసేసరికి ఆ రెండో గ్లాసు ఖాళీగా ఉంటుంది.

లేదు, ఉండదు. పోసింది పోసినట్టే చల్లారి ఉంటుంది. నాగమణి తీసుకెళ్లి పారబోస్తుంది. ఖాళీ అవుతుందంటే బాగుంటుందని రాశాను.

ఆ షడ్జం అలా రాసింది కాదు. అది ఎవరిదో, ఎక్కడి నుంచి వచ్చిందో ఈ రోజుకీ నాకు తెలియదు. టీ అంటే ప్రాణం పెట్టేవాణ్ని, ఆ రెండో గ్లాసు మీద మాత్రం ఇంతవరకు నేను చెయ్యి వెయ్యలేదు.