నాలుక చేప కన్ను

మైపాడులో క్రీస్తుదాసు చేత తెరచాప కుట్టించుకున్న వాళ్ళకు చాపతో పాటు ప్రసంగమూ ముట్టేది. మిషను తొక్కుతూనే అందుకునేవాడు: "ఈ గుడ్డ మూల పడేస్తే వెయ్యేళ్ళకైనా తనంతట తాను తెరచాప అవుతుందా? కత్తిరించే చెయ్యి ఒకటుండాల. గాలిని పట్టే గుడ్డకే చెయ్యి కావాలంటే, వెలుగును పట్టే కన్ను ఊరకనే పుట్టిందా?"

బెస్తవాళ్ళు గంగమ్మకు మొక్కేవాళ్ళే అయినా, ఆ మాటలో వాళ్ళకు పేచీ ఏమీ కనపడేది కాదు. పేచీ ఆయన ఇంట్లోనే వచ్చింది. పంతొమ్మిది వందల అరవై ఒకటిలో ఒక్కగానొక్క కూతురు పుష్పకుమారి ఎస్సెస్సెల్సీ ప్యాసై, నెల్లూరు కాలేజీలో జీవశాస్త్రం చదువుతానని కూర్చుంది.

"లెక్కలు చదువు, కాదన్నానా? మనిషి కోతి నుంచి వచ్చినాడనే చదువు మాత్రం వద్దు. ప్రార్థన చేసుకుంటా పోయినదానివి, దేవుడు లేడంటా తిరిగొస్తావు."

కోతి మీద ఆయనకేం కోపం లేదు. రోజూ సాయంత్రం తన పక్కన మోకరించే పిల్ల ఒకనాటికి మోకరించదేమోనన్నదే దిగులు. కాలేజీలో చేరే గడువేమో దగ్గర పడుతోంది.

అలాంటి సమయంలో బెస్త ముత్యాలయ్య చిరిగిన తెరచాపతో వచ్చినాడు. కూరకుంటుందని రెండు నాలుక చేపలు కూడా తెచ్చినాడు. ఇసుకలో పక్కకు వాలి, నాలుకలాగే పల్చగా పడుకునే చేప అది. రెండు కళ్ళూ ఒకే పక్కన ఉంటాయి.

క్రీస్తుదాసు ఒకదాన్ని ఎత్తి పట్టుకున్నాడు. "చూడు ముత్యాలన్నా. కింది పక్క ఇసుకకు ఆనుకుంటుందని దేవుడు రెండు కళ్ళూ పైపక్కనే పెట్టినాడు. ఆలోచన లేకుండా అయ్యే పనేనా ఇది?"

గడపలో బియ్యం ఏరుతున్న పుష్ప తలెత్తింది. "పిల్లగా ఉన్నప్పుడు దానికీ అటొకటి ఇటొకటి ఉంటాయంట నాయనా. పెరిగేకొద్దీ ఒకటి ఇవతలికి జరుగుతుందంట. మా సైన్సు అయ్యవారు చెప్పినారు."

ముత్యాలయ్య పగలబడి నవ్వినాడు. "కన్ను నడిచొస్తుందా! మా తాతల కాలం నుంచీ పడతన్నాం తల్లీ, ఎవురూ చెప్పలా."

"చూపిస్తే చూస్తాం," అన్నాడు క్రీస్తుదాసు.

పొడి రొయ్యల్ని పట్టే సన్నకళ్ళ వలలో రకరకాల చేపపిల్లలు పడతాయి. అవేవో పనికిమాలిన జాతులని బెస్తవాళ్ళు ఎన్నడూ తేరిపార చూడకుండానే ఇసుకలో దులిపేసేవాళ్ళు. ఈసారి ముత్యాలయ్య దులపలేదు. చెంబులో సముద్రపు నీళ్ళు పోసి, నాలుక చేపల్లా పల్చగా ఉన్న నాలుగు పిల్లల్ని ఏరి వేసుకొచ్చినాడు.

పుష్ప వాటిని తెల్ల పింగాణీ పళ్ళెంలో పోసింది. క్రీస్తుదాసు సూదికి దారమెక్కించే కళ్ళజోడు పెట్టుకుని వంగినాడు. గోరంత పిల్లలు, గాజుముక్కల్లా ఉన్నాయి. ఒకదానికి కళ్ళు చెరో పక్కన ఉన్నాయి. ఇంకోదానికి ఒక కన్ను నెత్తి గట్టు దాకా ఎక్కి, అటూ ఇటూ కాకుండా ఉంది.

పళ్ళెం వెలుతురుకు తిప్పి, ఆయన మళ్ళీ వంగి చూసినాడు.

"ఓడిపోయినావా దాసన్నా?" అని ముత్యాలయ్య గిల్లినాడు.

"ఓడేదేముంది? ఆ కంటికి దారి చెప్పిందెవరు మరి?" తర్వాత కూతురి వైపు తిరిగినాడు. "సరే, జరుగుతుంది. ఈ చేపపిల్ల పెద్దయ్యేలోపల జరుగుతుంది, కళ్ళారా చూసినా. కానీ మీ పుస్తకం ఈ జాతే అట్టా తరతరాలుగా కొంచెం కొంచెం మారిందంటుంది కదా. సగం దారిలో ఆగిన కన్ను ఆ తరం చేపకు ఏం పనికొచ్చింది? ఇసుకలో పడుకోనూ పనికిరాదే!"

పుష్ప తడబడలేదు, దాచనూ లేదు. "నాకు తెలీదు నాయనా. మా పుస్తకంలో అంత దూరం లేదు. పై చదువుల్లో ఉంటుందేమో."

తెలీదన్న ఆ మాట ఆయనకు నచ్చింది. తెలీదనగలిగిన పిల్ల అబద్ధానికి మోకరించదు, నిజాన్ని చూసి పారిపోదు అనుకున్నాడు.

"అయితే కాలేజీకి పోయి కనుక్కునిరా," అన్నాడు. "నా ప్రశ్నకు జవాబు తేవాల. తేలేకపోతే నేను గెలిచినట్టు."

"తెస్తే?"

"తెస్తే, ఇంకో ప్రశ్న అడుగుతా."

దసరా సెలవులకు పుష్ప బస్సు దిగింది. ఆమె ట్రంకుపెట్టె అందుకుంటూనే తండ్రి అడిగినాడు: "ఆ కన్ను సంగతేమైందమ్మా?"

"పాఠాలు ఇంకా అక్కడికి రాలేదు నాయనా. కప్ప దగ్గరున్నాం."

"కప్ప దగ్గరేనా!" క్రీస్తుదాసు పెట్టె భుజానికెత్తుకుని, తీరిగ్గా నడవసాగినాడు. "సరేలే, తొందరేముంది. దేవుడు కప్పకు ఏం చేసినాడో చెప్పు, విందాం."