వాగు ఎంత ఎత్తుకొచ్చింది

నరసరావుపేటకూ మాచర్లకూ నడుమ ఉన్న మా పట్నం పేరు చెప్పను. చెబితే అప్పటి పంచాయతీ బోర్డు వాళ్ల మనవలు నొచ్చుకుంటారు. నేనప్పుడు ఒక దినపత్రికకు విలేకరిని. కృష్ణ మీద డ్యాము లేస్తున్న రోజులు. పల్నాడులో జేబుకు పెన్ను తగిలించుకున్న ప్రతివాడూ ఆ డ్యాములో సగం తానే కట్టినట్టు మాట్లాడేవాడు. మా వాగును పరిశీలించడానికి వచ్చిన ఇంజనీరుగారూ అంతే. నడివేసవిలో, చుక్క నీరు లేని వాగు మధ్య గొడుగు కింద నిలబడి, "కృష్ణనే ఆపుతున్నాం. ఇదొక లెక్కా?" అన్నారు.

నిరుటి వానల్లో ఆ వాగు పొంగింది. మళ్లీ పొంగకుండా మూడు మార్గాలు పరిశీలించి ఒకటి తేల్చమని పైనుంచి ఉత్తరువు. పూడిక తీసి వాగును లోతు చేయడం ఒకటి. ఊరివైపు మట్టికట్ట పోయడం రెండోది. ఊరికి ఎగువనే వాగును మళ్లించి పొలాల మీదుగా బయటికి పంపడం మూడోది. ఈ మూడోదే మేలని గొడ్లు కాసేవాళ్లకు కూడా తెలుసు. కాకపోతే ఆ కాలవ పంచాయతీ బోర్డు ప్రెసిడెంటుగారి మిరపచేలోంచి పోవాలి. దాన్ని ఒక్క పూటలో పరిశీలించి "సాధ్యం కాదు" అని రాసేశారు. పూడిక ఏటేటా తియ్యాలి, శంకుస్థాపన మాత్రం ఒక్కసారే చేయగలం, కాబట్టి అదీ పోయింది. కట్ట మిగిలింది.

కట్ట ఎక్కడినుంచి ఎక్కడిదాకా? ఇంజనీరుగారు ప్రజాస్వామ్య పద్ధతి పెట్టారు. వాగు ఒడ్డున ఉన్న ప్రతి ఇంటివాళ్లూ నిరుడు నీళ్లు ఎంత ఎత్తుకొచ్చాయో గోడ మీద జాజు ఎర్రమట్టితో గీత గీసి, పుస్తకంలో సంతకం చెయ్యాలి. నేలనుంచి గీతదాకా కొలిచి, ఎక్కడ ఎక్కువుంటే అక్కడ కట్ట.

సాయంత్రానికల్లా ఇంకో మాట పుట్టింది. గీత ఎంత ఎత్తుంటే సర్కారు సాయం అంత ఎక్కువట. ఊళ్లో జాజు అయిపోయింది. వాగుకు బాగా ఎత్తున మిట్ట మీదున్న బియ్యం మిల్లు ఆసామి నిచ్చెన వేయించి, పనివాణ్ని పైకెక్కించాడు. నిరుడు ఆ మిల్లు అరుగు కూడా తడవలేదు.

"అంతెత్తున గీస్తే ఊరంతా సచ్చుండాలి గదయ్యా," అన్నాడు పనివాడు.

"సచ్చినోళ్లు సాయం అడగరులే. గియ్యరా."

నిజంగా మునిగిన ఇల్లు ఒక్కటే, పల్లంలో చివరగా ఉన్న పంతులమ్మ ఇల్లు. ఆమె మిషను బళ్లో టీచరు. భర్త పోయాక, ఇన్నేళ్ల జీతంతో నాపరాళ్లు ఒక్కో బండీ తోలించుకుని కట్టుకున్న రెండు గదులు. ఆమెకు వేరే ఆస్తి లేదు. నిరుడు ఆ ఇంట్లో మోకాటిలోతు నీళ్లు నిలిచాయి. ఆమె సరిగ్గా మోకాటి దగ్గరే, స్కేలు పెట్టి, గీత గీసింది.

"అక్కా, కాస్త పైకి గియ్యరాదా? అందరూ చూరుకు గీస్తున్నారు," అన్నాను.

"చూరుదాకా వచ్చుంటే చూరుకే గీసేదాన్ని, తమ్ముడూ. ఆదివారం గుళ్లో ఒక మాట, సోమవారం గోడ మీద ఒక మాటా?"

వారం తర్వాత బోర్డు ఆఫీసులో పటం విప్పారు. ఆ పటం ప్రకారం మా వాగు పల్లాన్ని వదిలేసి మిట్టెక్కింది. మిల్లు దగ్గర రెండు నిలువుల లోతు. పంతులమ్మ ఇంటి దగ్గర మోకాలు. అందువల్ల కట్ట మిల్లు ముందు మొదలై, ఆమె ఇంటికి నలభై గజాల ఎగువన ఆగిపోతుంది.

"నీళ్లు పల్లానికి గదండీ పోయేది?" అన్నాను.

"అది మీ పత్రికలవాళ్ల అభిప్రాయం. ఇవి ప్రజలు గీసిన గీతలు. ప్రజల్ని కాదంటారా?" అన్నారు ఇంజనీరుగారు.

ఆ కట్ట పడితే అక్కడిదాకా ఆగిన నీళ్లన్నీ ఒక్కసారిగా తన ఇంటి మీదికే తిరుగుతాయని పంతులమ్మకు అర్థమైంది. అర్జీ పట్టుకుని ప్రెసిడెంటుగారి దగ్గరికి వెళ్లింది. ఆయన చానా దయగల మనిషి. "దీనికి అర్జీ ఏందమ్మా? నువ్వూ పైకి గీసుకో. ఎవరొద్దన్నారు?" అన్నాడు.

రెండు రోజులు ఆమె ఆ గీత పక్కనుంచే బడికి వెళ్లొచ్చింది. మూడో రోజు స్టూలెక్కి, తలుపు పై కమ్మీ ఎత్తున కొత్త గీత గీసింది. స్కేలు వాడలేదు. గీత వంకరగా వచ్చింది.

కొలత మార్చమని అడగడానికి వెళితే ఇంజనీరుగారు పుస్తకం తెరిచి ఆమె సంతకం చూపించారు. "పుస్తకం మొత్తానికి నమ్మదగ్గ కొలత మీదొక్కటేనమ్మా. మీలాంటివాళ్లు కూడా మాట మారుస్తే ఎట్లా?" అన్నారు. వెటకారం కాదు. మనస్ఫూర్తిగానే అన్నారు. కొలత మారలేదు.

కట్ట పోశారు. దండలు వేసుకున్నారు. తొలి పెద్ద వాన ఒక మధ్యాహ్నం బడి జరుగుతుండగా పడింది. నీళ్లు కట్ట వెంబడి బుద్ధిగా నడిచి, కట్ట ఆగిన చోట మలుపు తిరిగి, ఆమె గోడను మొదలంటా పెకలించాయి. బడి విడిచి వచ్చేసరికి నాపరాళ్లు వాగులో ఉన్నాయి. గుమ్మం ఒక్కటే నిలబడి ఉంది.

మళ్లీ పరిశీలన జరిగింది. కట్టను ఇంకో నలభై గజాలు పొడిగించాలా వద్దా అన్నది ప్రశ్న. "కట్ట చివర ప్రస్తుతం నివాసగృహాలేవీ లేనందున పొడిగింపు అవసరం కనబడదు" అని నివేదిక వచ్చింది. ఆ వాక్యాన్ని అక్షరం మార్చకుండా పత్రికకు పంపాను. చదివినవాళ్లకు మండుతుందనుకున్నాను. డెస్కువాళ్లు దాన్ని నాలుగు లైన్లకు కుదించి, "పట్టణానికి వరద భయం లేదు" అని శీర్షిక పెట్టారు. మిల్లు ఆసామి ఆ ముక్క కత్తిరించి పటం కట్టించుకున్నాడు.

పంతులమ్మ నాదెండ్ల వైపు బదిలీ అడిగి వెళ్లిపోయింది. ఏడాది తర్వాత ఆ దారిన పోతూ ఆమె ఉంటున్న అద్దెగదికి వెళ్లాను. శీర్షిక నేను పెట్టింది కాదని చెప్పబోయాను.

"చదివానులే తమ్ముడూ," అంది ఆమె. "అందులో అబద్ధమేముంది? భయం ఉన్నదాన్ని నేనొక్కదాన్నే, వచ్చేశాను గదా." కుర్చీ చూపించి, టీ పెట్టడానికి లేచింది.