అవ్వ పోసిన పురుడు

మంగళవారం పొద్దున టీకాల డబ్బాలో ఐసు ప్యాకెట్లు సర్దుకుంటుంటే ఆశా కార్యకర్త ఫోన్ చేసింది. "మేడం, అవ్వ పోయింది. పొద్దుగాల కోడలు చాయ్ తీస్కపోయి లేపితే లేవలేదట." అప్పటికే తల్లులు పిల్లల్నెత్తుకొని సబ్‌సెంటర్ ముందు వరుసలో కూర్చున్నారు. వాళ్లను వెనక్కి పంపితే అవ్వే ముందు నన్ను తిట్టేది. అందరికీ టీకాలు వేసి, తలుపు దగ్గరికి వేసుకొని, అప్పుడు ఏడ్చాను.

అవ్వ ఆ ఊరి మంత్రసాని. రుద్రూర్ దాటి చెరుకు చేల మధ్య నుంచి కొంత దూరం పోతే వస్తుంది ఆ ఊరు. నేను కంఠేశ్వర్‌లో పుట్టి పెరిగిన టౌను పిల్లను, అక్కడికి నర్సుగా వచ్చాను. సర్కారు కాగితాల్లో నాకో ఉద్యోగం ఉంది, అవ్వకు ఏమీ లేదు. అయినా పదకొండేళ్లు మేమిద్దరం జోడెడ్లలాగా పని చేశాం.

మొదట్లో మాత్రం అవ్వంటే నాకు గిట్టేది కాదు. వచ్చిన నెలలోనే ఒకింట్లో అప్పుడే పుట్టిన బిడ్డకు ఆమె స్నానం పోస్తుంటే చూశాను. ఒళ్లు చల్లబడి బిడ్డకు ప్రాణం మీదికొస్తుందని చుట్టాలందరి ముందూ గొంతు చించుకొని అరిచాను. "ఇంకోసారి బాలింత ఉన్న ఇంట్లో కాలు పెట్టావంటే ఊరుకోను" అన్నాను. అవ్వ చేతులు తుడుచుకొని, కొంగు నెత్తి మీదికి లాక్కొని వెళ్లిపోయింది. నేను గెలిచాననుకున్నాను.

ఆ మర్నాటి నుంచి ఊళ్లో ఒక్క గర్భిణి నాకు కనబడలేదు. ఏ గడప ముందు నిలబడ్డా ఒకటే జవాబు: "పిల్ల ఊర్ల లేదు మేడం." లోపల గాజుల చప్పుడు వినబడుతూనే ఉండేది. రెండు నెలలు అలా తిరిగి, చివరికి సిగ్గు విడిచి అవ్వ ఇంటికే పోయాను. అవ్వ అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతోంది. తలెత్తకుండానే అంది:

"తిట్టినవ్ బిడ్డా, తిట్టు. నీకు తెల్సింది నువ్వు చెప్పినవ్. గని నలుగుర్ల తిట్టినవ్. పక్కకు పిల్చి చెప్తే నేను ఇనకపోదునా?"

తప్పైందన్నాను. అవ్వ చాట పక్కన పెట్టి చాయ్ పెట్టింది. ఆ చాయ్ తాగుతూనే మా ఒప్పందం కుదిరింది. కాన్పులన్నీ ఆసుపత్రిలోనే. బరువు చూడడం, బీపీ చూడడం, సూదులు, మాత్రలు నావి. అంబులెన్సులో తోడు రావడం, నొప్పుల్లో నడుం నిమరడం, అత్తలతో మాట్లాడడం అవ్వవి. ఇంకొకటి కూడా అవ్వ తన దగ్గరే ఉంచుకుంది, పురుడు. ఇల్లూ వాకిలీ కడిగి, తల్లికీ బిడ్డకూ పసుపునీళ్ల స్నానం పోసే రోజది. ఆ నీళ్లు పోసే హక్కు మంత్రసానిదే. "గా పురుడు మాత్రం నాది సిస్టరమ్మా" అంది.

ఆమె దగ్గర నేర్చుకున్నది ఎక్కడా చదవలేదు. గర్భిణి ఇంటికి పోగానే నేను రిజిస్టర్ తెరిచేదాన్ని. అవ్వ తిన్నగా వంటింట్లోకి పోయి గిన్నెల మూతలు తీసి చూసేది. "ముందుగాల పిల్ల ఏం తిన్నదో సూడు, ఎన్కసిరి రాస్కో" అనేది. ఆసుపత్రిలో డాక్టరమ్మ అవ్వను కాన్పు గదిలోకి రానిచ్చేది. అవ్వ చెయ్యి నడుం మీద పడగానే నొప్పులతో అరిచే తల్లులు కూడా మెత్తబడడం ఆవిడా గమనించింది. తర్వాత్తర్వాత మా ఊరి పేరు చెప్పి ఎవరైనా కాన్పుకు వస్తే, "అవ్వ వచ్చిందా?" అని ఆవిడే అడిగేది.

ఇక ఆ పురుడు సంగతి చెప్పాలి. ఒక చెరుకు రైతు ఇంట్లో కోడలికి మొదటి బిడ్డ పుట్టిన రెండో రోజే పోయింది. రెండోది నెలలు నిండకుండా పుట్టింది. ఆడపిల్ల, అరచేతిలో ఇమిడేంత. ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉంచుకొని, గట్టిగా చెప్పి పంపారు: బరువు పెరిగేదాకా స్నానం వద్దు, తల్లి రొమ్ముకు ఆనించి వెచ్చగా ఉంచాలి. ఇంటికొచ్చిన మూడో రోజే అత్త పురుడు పెట్టుకుంది. చెరుకు నరికే కాలం, చలి ఎముకలు కొరుకుతోంది. నేను పోయేసరికి పెరట్లో గంగాళం నిండా నీళ్లు కాగుతున్నాయి.

"మొదటి పొల్లకు పురుడు కాలే, గందుకే పోయింది. దీనికి నీళ్లు పొయ్యకుంటే ఎట్ల మేడం?" అని అత్త కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆమెది మొండితనం కాదు, భయం. నేను చెప్పిందేదీ ఆమె చెవికెక్కలేదు. ఇంతలో అవ్వ వచ్చి పీట వేసుకొని కూర్చుంది, బిడ్డను పడుకోబెట్టుకునే తీరులో కాళ్లు చాపింది. అరవాలని నోటిదాకా వచ్చింది. చుట్టూ నలుగురున్నారు. పళ్లు బిగబట్టుకొని నిలబడ్డాను.

అవ్వ అత్తను అడిగింది. "పురుడు పోసేది నేనా, నువ్వా?"

"నువ్వే అవ్వా."

"మరి నేనెట్ల పోస్తే గట్లనే."

ముందు కోడలిని పిలిచి నిండా నీళ్లు పోసింది. ఒళ్లు, తల పొడిగా తుడిచి, లోపల మంచం మీద కూర్చోబెట్టి, బిడ్డను ఆమె రొమ్ము మీద బోర్లా వేసి, మెత్తటి పాత చీరతో ఇద్దరినీ కలిపి చుట్టింది. తర్వాత మూడు వేళ్లు పసుపునీళ్లలో ముంచి, బయటికి కనబడుతున్న చిన్న పాదానికి తాకించి, ఆ తడిని వెంటనే కొంగుతో అద్దేసింది.

"తల్లికి పోసిన నీళ్లే బిడ్డకు. ఇద్దరిది ఇంక ఒక్కటే ఒళ్లు. పురుడైంది, అందరు తినుండ్రి" అంది.

అత్త కళ్లు తుడుచుకొని విస్తర్లు తెమ్మని కేకేసింది. నేను చెబితే జరగని పని, అవ్వ నోటి నుంచి వచ్చేసరికి ఆచారమైపోయింది.

తిరిగి వస్తుంటే దారిలో అవ్వ నడక ఆపి, చెరుకు గట్టు మీద కూలబడింది. "నాక్కూడ భయమైంది బిడ్డా. ఎన్నడు గిట్ల చెయ్యలే" అంది. కాసేపటికి, "గింతగింత పోరగాండ్లకు ఎందరికి నీళ్లు పోసిన్నో. తెల్వక పోసిన. ఎవలన్న చెప్తే కదా" అని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆమెకు చెప్పాల్సింది నాలాంటి వాళ్లే. పక్కన కూర్చొని చెయ్యి పట్టుకున్నాను.

నెల తిరిగేసరికి ఆ పిల్ల బరువు తూచే సంచిలో కాళ్లాడించింది. ఇప్పుడు బడికి పోతోంది. అవ్వ దినాలకు వచ్చి, రెండు జడలతో వాకిట్లో గెంతుతూ ఒక్క చోట నిలబడలేదు. ఎవరూ వద్దనలేదు.

అవ్వ తర్వాత ఎవరని ఊళ్లో ఆడవాళ్లు బెంగపడ్డారు. నేనూ పడ్డాను. పోయిన వారం కింది వాడలో ఇంకో తక్కువ బరువు పిల్లవాడు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాడు. ఆ రోజే పురుడని తెలిసి, బోధన్ బస్సు దిగి ఉరుకులు పరుగుల మీద పోయాను. పెరట్లో ఎండ పొడలో నులకమంచం వేసుంది. దాని మీద ఆ చెరుకు రైతు భార్య, ఆనాడు గంగాళం నిండా నీళ్లు కాచిన అత్త, గోడకు ఆనుకొని కూర్చొని ఉంది. నీళ్లు పోసుకున్న పచ్చి బాలింత లోపల అన్నం తింటోంది. ఈమె శాలువా నిండా కప్పుకొంది. గడ్డం కింద, రొమ్ముకు ఆనుకొని, చిన్న ఊలు టోపీ ఒకటి కొద్దిగా కనబడుతోంది.

నేను నోరు తెరవబోయాను. ఆమె కళ్లతోనే గదమాయించింది.

"చప్పుడు చెయ్యకు మేడం. గిప్పుడే పండిండు."