మా వదిన నా కథ చదివింది

నా కథ చదివి ఒక్క ఆడదైనా మారితే చాలని సభల్లో చాలాసార్లు అన్నాను. నోరు మూసుకోవాల్సింది! మారింది. అందుకే ఈ ముక్కలు రాజాంలో మా అన్నయ్య వంటింట్లో కూచుని, ఒక కన్ను పప్పు మీద పెట్టి రాస్తున్నాను.

ఈ కరోనా రెండో విడతలో ఒక కథ రాశాను. ఒకావిడకి పాజిటివ్ వస్తుంది. గదిలో విడిగా ఉంచుతారు. పెళ్ళయ్యాక మొదటిసారి తలుపేసుకుని పడుకుంటుంది. అన్నం గుమ్మం దగ్గరికే వస్తుంది. తగ్గాక బయటికి రావాలంటే ఏడుపొస్తుంది. అచ్చయ్యాక పత్రిక వదినకి పంపాను.

నిన్న పొద్దున్న అన్నయ్య ఫోన్.

"ఒసే, మీ వదినకి దగ్గంట. పెరటి గదిలోకెళ్ళి గడియేసుకుంది. టెస్టొద్దంటాది. నువ్వు రా."

అన్నయ్యకి బట్టల కొట్టు. కాలేజీలు మూసేసి ఇద్దరు కొడుకులూ ఇంట్లోనే ఉన్నారు.

"మీ ముగ్గురికీ చేతుల్లేవా?" అన్నాను.

"మాకేటొచ్చు?" అన్నాడు, అదేదో గొప్పయినట్టు.

నిజంగా జబ్బేమోనని భయం. కర్ఫ్యూ సడలించిన పూట రెండు మాస్కులు తగిలించుకుని, విజయనగరం నుంచి స్కూటీ మీద వచ్చిపడ్డాను. పెరటి గదంటే ఆ ఇంటి ఆడవాళ్ళు నెలసరికి విడిగా ఉండే గది. దాన్ని కూల్చాలని ఎన్ని వ్యాసాలు రాశానో! కిటికీలోంచి ఆక్సీమీటరిచ్చాను. నాకంటే మంచి అంకె చూపించింది.

"వదినా, దగ్గేదీ?"

"అవసరమైనప్పుడు వస్తాది."

"ఇదేం పని?"

"నువ్వు రాసిందే కదా! కథలో ఆవిడకి అన్నం ఎవులు వండారో రాయలేదేటి? మొగుడే అనుకుని లోపలికొచ్చాను. తీరా సూస్తే నువ్వొచ్చావు."

ఎన్నిసార్లు దిద్దాను ఆ కథని! వంట ఎవరు చేశారన్న ఆలోచనే నాకు రాలేదు.

"ఈ గది కూల్చాలంటావు. ఇల్లంతటికీ నేను లోపల గడియేసుకోగలిగింది ఇదొక్కటే, అది సూసావా?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "కిందటేడు మా అమ్మ కరోనాతో పోయిందా? ఆ పొద్దూ మీ అన్నయ్యకి టయానికి టిఫినెట్టాను. నీ కథ సదివాక తెలిసింది, నేనింకా ఏడవలేదని. నాలుగు రోజులుండనీ తల్లీ."

వెనక అన్నయ్య చెప్పుల చప్పుడు.

"తగ్గిందా? రేపటికి లేస్తాదా?"

గదిలోంచి దగ్గు. వీధి చివర దాకా వినిపించేంత!

"లేదన్నయ్యా, నాలుగు రోజులు పట్టేట్టుంది."

"అయితే నువ్వుండిపో. సాయంత్రం చపాతీలు సెయ్యి. మెత్తగా ఉండాల."

నువ్వే చేసుకో అనబోయాను. అంటే నేను వెళ్ళిపోయిన గంటకి ఆ తలుపు బాదేస్తారు, ముగ్గురూ కలిసి, ఆకలితో. పిండి డబ్బా ఎక్కడుందని అడిగాను. వాళ్ళలో ఒక్కడికీ తెలీదు.

ఆడవాళ్ళని వంటింట్లోంచి విడిపించాలని ఇన్నేళ్ళు రాశాను. మొత్తానికి ఒకామెని విడిపించాను. జామీనుగా నన్ను లోపలుంచుకున్నారు.