గోడ మీద లిదియా తప్పు

కొత్తవాడలో మా కిరాణా దుకాణం గోడ నాది. మా ఆయనది కాదు, మా అత్తది అంతకన్నా కాదు. సున్నం వేయించింది నేను. 1977 నుంచి ఆ గోడ మీద ఆదివారం ఆదివారం ఎవరు కాగితం అంటించాలో కూడా నేనే చెప్పాను. లిదియా అంటించాలి, అంతే.

లిదియా ఎవరంటారా? దవాఖానలో కాంపౌండరుగా చేసే ఇమ్మానుయేలు బిడ్డ. పొద్దున టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్‌లో పని, సాయంత్రం సందులన్నీ తిరగడం. ఆదివారం చర్చి నుంచి నేరుగా వచ్చి, పెద్ద తెల్లకాగితం మీద తన చేత్తో రాసిన వాడ వార్తలు మైదా జిగురుతో అంటించేది, నకలొకటి ఇంట్లో దాచుకునేది. ఏ నల్లాకు నీళ్లు రాలేదు, ఏ సందులో దీపం వెలగలేదు, ఎవరి మగ్గం ఎందుకు ఆగింది, అన్నీ. కింద తన పేరు, ఇంటి నంబరు. ఇంటి నంబరెందుకే అంటే, "తిట్టేటోళ్లకు ఇల్లు దొరకాలె గద వదినా" అనేది. ఆ పిల్లకు పత్రికలో విలేఖరి కావాలని పిచ్చి. పిచ్చి అన్నది లోకం, నేను కాదు.

హైదరాబాదు పత్రిక ఒకదానికి మా ఊరి వార్తలు పంపే పాండురంగం 1980 ఎండాకాలంలో ఊరు మారుతున్నాడు. అతని చోటుకు మనిషిని ఎంచడానికి పత్రికాయన ఒకడు బుధవారం హనుమకొండ వస్తున్నాడు. "ఏం చదివినవ్ అని అడుగుతడు. మూడేండ్ల కాగితాలు తీస్కపోయి ముందల పెట్టు" అని పాండురంగమే లిదియాకు చెప్పాడు.

సరిగ్గా ఆ వారమే తప్పు జరిగింది.

మా వాడలో జంపఖానాల నూలుకు రంగులు వేసి, ఆ నీళ్లు ఇళ్ల ముందరి మురుగు కాలువలోకి, మా మోరీలోకి, వదులుతారు. మోరీ రంగు చూసి ఈ రోజు ఎవరి షెడ్డు నడుస్తున్నదో చెప్పడం మాకు పుట్టుకతో వచ్చిన విద్య. పచ్చ ఒకరిది, నీలం ఒకరిది, ఎరుపైతే కిషన్ రావు సేటుది. శనివారం నల్లాలో నీళ్లు ఎర్రగా వచ్చాయి. పక్కింటి సోమక్క మనవరాలు తాగి వాంతులు చేసుకుంది. మోరీ చూస్తే ఎరుపు. ఇంకేముంది, కిషన్ రావు షెడ్డు రంగే నల్లాలో కలుస్తున్నదని లిదియా ఆదివారం రాసేసింది. నేనూ ఊ కొట్టాను. షెడ్డు దాకా ఎవరం పోలేదు. మోరీ చెప్పాక చూసేదేముంది అనుకున్నాం, మా మొఖాలు!

సోమవారం ముసలి నేతగాడు ఎల్లస్వామి దుకాణం ముందు తల వంచుకొని నిలబడ్డాడు.

"సేటు బిడ్డ పెండ్లని మరిపెడ పోయి ఎనిమిది రోజులాయె. షెడ్డుకు తాళమే ఉన్నది. మా ఇంటికాడ ఎరుపు ఏసింది నేను బిడ్డా" అన్నాడు.

లిదియా దుకాణంలోనే ఉంది. పోయి తాళం చూసింది. అక్కడి నుంచి మోరీ వెంట నడిచి, నల్లా పైపు మోరీలోనే పగిలి ఉండటం కూడా చూసింది. ఎవరి రంగు పారినా నల్లాలోకే పోతుంది.

సంగతి విని పాండురంగం పరుగున వచ్చాడు. "సప్పుడు చెయ్యక ఆ కాగితం చింపెయ్. ఎల్లుండే బుధవారం. తప్పు రాసిన అని నువ్వే చాటుకుంటే నౌకరీ ఎవడిస్తడు? మేమే గట్ల రాయం."

"మీరు రాయరనే నేను రాస్తాన, అన్నా" అంది లిదియా.

ఆదివారం దాకా కూడా ఆగలేదు. మంగళవారం పొద్దున్నే, పాత కాగితం పక్కన కొత్తది అంటించింది. పైన వేలెడంత అక్షరాలతో "నేను తప్పు రాశాను" అని. కింద తాళం సంగతి, ఎల్లస్వామిని అడిగి ఆయన మాట, పగిలిన పైపు ఏ ఇంటి ముందుందో.

ఆ మధ్యాహ్నమే కిషన్ రావు మరిపెడ నుంచి దిగాడు. రెండు కాగితాలూ చదివాడు. "తప్పని ఒప్పుకున్నవ్ గద. ఇగ రాసుడు బంద్ చెయ్" అన్నాడు.

"తప్పైందని రాసిన సేటూ. బంద్ చేస్తనని రాయలే."

ఆయన నా వైపు తిరిగి, గోడ నీదే కదా నువ్వైనా చెప్పమన్నాడు. "గోడ నాదే, కాగితం ఉంటది" అన్నాను.

బుధవారం హనుమకొండకు నేనూ వెంట పోయాను. కట్టలో ఆ తప్పు ఒప్పుకున్న కాగితం నకలునే అన్నిటికన్నా పైన పెట్టింది. పత్రికాయన అదొక్కటే చదివి, మిగతావి తిప్పనైనా తిప్పకుండా నవ్వాడు. నౌకరీ ఇంకెవరికో ఇచ్చాడు. చేసిన పాపం చెబితే పోతుందంటారు. ఉద్యోగం కూడా పోతుందని ఎవరూ అనలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. బస్సు దిగేదాకా అతన్ని తిడుతూనే ఉన్నాను. లిదియా నా భుజం మీద తల పెట్టి, అందరూ చూస్తుండగా ఏడ్చింది.

ఆదివారం చర్చి విడిచిన వేళకు జిగురు డబ్బాతో వచ్చేసింది. పాండురంగం కూడా వచ్చాడు, పాపం, ఓదార్చడానికే.

"పోయింది గద చెల్లె. ఇంకా ఎవలకోసం ఈ రాసుడు?"

లిదియా చెయ్యి ఆపలేదు.

"నల్లాల నీళ్లు ఇంకా ఎర్రగనే వస్తానయ్ అన్నా."