ఒక వరుస పైకి జరిగిన పేర్లు

"'ఆపు' అని నొక్కితే నడుస్తున్నది అక్కా. 'నడుపు' అని నొక్కితే ఉలకదు, పలకదు. మొన్నటిదాక బుద్ధిగ ఉన్నదాన్ని నేనే చెడగొట్టిన."

గ్రేస్ కంప్యూటర్ తెరను, మిర్చి కల్లంలో దూరిన మేకను చూసినట్టు చూసింది. పక్కన స్టూలు మీద నోటుపుస్తకం తెరుచుకుని కూర్చున్న రాజ్యశ్రీ, చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. రాజ్యశ్రీది పక్కిల్లు. తాతల నాడు కోస్తా నుంచి వచ్చి బూర్గంపాడులో పొలాలు కొనుక్కున్న కుటుంబం. వాడేసిన కంప్యూటర్ ఒకటి సంపాదించి తనంతట తానే దానితో కుస్తీ పడుతూ, అర్థం కానిదంతా పోగేసుకుని శనివారం పొద్దున్నే గ్రేస్ గదికి వస్తుంది. వచ్చాక తన సందేహాలు మరిచిపోయి గ్రేస్ సంగతులే వింటుంది.

"బాగున్నదాన్ని ఎందుకు ముట్టుకున్నావు మరి?"

"ముట్టుకున్నందుకే గదా జీతం ఇస్తున్నరు."

2008 సంవత్సరం అది. గ్రేస్ పని చేసేది హైదరాబాదులో ఒక చిన్న కంపెనీకి. కూర్చునేది మాత్రం ఇక్కడ, టెలిఫోన్ తీగ వెంట వచ్చే ఇంటర్నెట్ ముందు. ఆ కంపెనీ తయారుచేసేది డీబగ్గర్. సర్క్యూట్ బోర్డు మీద ఇంకో ప్రోగ్రామ్ నడుస్తుండగా దాన్ని పట్టి ఆపి, లోపల ఎక్కడ ఏ తప్పు దాక్కుందో చూపించే ప్రోగ్రామ్. దవాఖానాలో ఎక్స్‌రే లాంటిదని అత్తగారు విశ్రాంతమ్మకు చెబితే, ఆవిడ సాయంత్రానికల్లా కోడలు డాక్టర్ల కంపెనీలో చేస్తోందని వీధంతా చెప్పి వచ్చింది. ఆ తర్వాత వారం రోజులు మోకాళ్ల నొప్పులవాళ్లు గ్రేస్ కిటికీ దగ్గర నిలబడ్డారు.

కంపెనీ మేనేజర్ వెంకటరామారావు మంచివాడే. కానీ కళ్లెదుట లేని మనిషి పని చేస్తోందంటే ఆయనకు లోలోపల నమ్మకం కుదరదు. "సోమవారం మధ్యాహ్నానికి పరీక్షలన్నీ పాసవ్వాలమ్మా. లేదంటే ఇక్కడికే వచ్చి కూర్చో, పక్కనుండి చేయిద్దాం" అన్నాడు ఫోన్లో.

పెళ్లికి ముందు గ్రేస్ నాలుగేళ్లు అక్కడే కూర్చుంది. వీపు వెనక ఎప్పుడూ ఎవరో ఒకరు నిలబడి ఉండేవాళ్లు. ఇక్కడ భర్త జస్టిన్ పాల్వంచ థర్మల్‌కు షిఫ్టు మీద పోయాక, వెనక నిలబడేది విశ్రాంతమ్మ ఒక్కతే. అదీ తిన్నావా అని అడగడానికి. ఈ గదిని, ఈ కిటికీని, ఆ అడిగే మనిషిని వదిలి పోవడం గ్రేస్‌కు ససేమిరా ఇష్టం లేదు.

"అసలు నువ్వు చేసిన మార్పేంటి? నాకు అర్థమయ్యేలా చెప్పు," అంది రాజ్యశ్రీ.

"పాత పద్ధతిల ఒక పెద్ద కాగితం ఉంటది అక్కా. వరుసగ ఎనభై ఏడు కుర్చీలు. ఏ కుర్చీల మనిషి ఉండడు, చీటీ ఉంటది. 'ఈ పని కావాల్నంటే ఫలానా ఇంట్ల అడుగు' అని. ఒక్కో రకం బోర్డుకు ఒక్కో కాగితం. కుర్చీలకు పేర్లున్నయి గని, చీటీలు పెట్టేటోడు పేరు చూడడు. ఒకటో చీటీ ఒకటో కుర్చీల, రెండోది రెండో దాంట్ల. గట్ల లెక్క పెట్టుకుంట పోతడు."

"ఫంక్షన్ పాయింటర్లు," అని రాజ్యశ్రీ గొణుక్కుంది. పుస్తకంలో రెండుసార్లు ఎదురై, రెండుసార్లూ పేజీ తిప్పేసిన మాట.

"అవ్, అవే. ఇప్పుడు ఆ కాగితాలు తీసేసి క్లాసులు పెడుతున్న. పైన తల్లి క్లాసు. పనులన్నిటి పేర్లు ఆమె దగ్గర ఉంటయి. మామూలుగ ఎట్ల చెయ్యాల్నో ఆమెకు తెలుసు. కింద పిల్ల క్లాసులు, ఒక్కో బోర్డుకు ఒకటి. పిల్ల, తను వేరే తీరుగ చేసే పనే రాసుకుంటది. రాసుకోనిదంత తల్లి చేస్తది."

వేయించిన పల్లీల గిన్నెతో వస్తున్న విశ్రాంతమ్మ గుమ్మంలో ఆగింది.

"పిల్లలు చెయ్యని పనంత తల్లే చెయ్యాల్నా?"

"అవ్ అత్తమ్మా."

"గిది కనిపెట్టనీకె నీకు జీతమిస్తున్నరా?" అని గిన్నె బల్ల మీద పెట్టి, ఆవిడ చెయ్యవలసిన పనులు చేయడానికి వెళ్లిపోయింది.

గ్రేస్ అయిదు బోర్డులను కొత్త పద్ధతికి మార్చింది. నాలుగు నోరెత్తకుండా నడిచాయి. అయిదోది నిజం బోర్డు కాదు. బోర్డు చేతిలో లేనప్పుడు కంప్యూటరే బోర్డులా నటిస్తుంది. గ్రేస్ దానికి పెట్టుకున్న పేరు ఉత్తుత్తి బోర్డు. పరీక్షలన్నీ జరిగేది దాని మీదే. మూడు రోజులుగా తన రాతను అక్షరం అక్షరం చదివింది.

"నా రాతల తప్పు లేదు అక్కా. గదే భయం. తప్పుంటే దిద్దొచ్చు. లేని తప్పును ఎక్కడని పట్టుకునేది?"

మర్నాడు ఆదివారం. చర్చిలో ప్రార్థన ముగిశాక స్త్రీల కూడిక ఉంటుంది. అక్కడ గోడకు ఒక అట్ట వేలాడుతుంటుంది. ఎడమ పక్క పనులు: ప్రార్థన, వాక్యం, పాట, టీ, చాపలు. కుడి పక్క పేర్లు, చీటీల మీద రాసి అంటించినవి. పనికీ పేరుకూ మధ్య గీత లేదు. ఎదురెదురుగా ఉండడమే సంబంధం. పదేళ్ల కింద మొదటి వరుసలో ఉన్నావిడ కొత్తగూడెం వెళ్లిపోతే, ఎవరో ఆమె చీటీ పీకేశారు. పైన ఖాళీ బాగుండదని మిగిలిన పేర్లన్నిటినీ ఒక్కో వరుస పైకి జరిపి అంటించారు. ఆ రోజు నుంచి అట్ట ప్రకారం టీ పెట్టే విశ్రాంతమ్మ పాట పాడాలి, పాడే కమ్లి వాక్యం చదవాలి, చాపలు పరిచే రూప్లి టీ పెట్టాలి. అయితే ఆ అట్టను చూసినవాళ్లెవరు? ఎవరి పని వాళ్లకు తెలుసు. కూడిక పదేళ్లుగా సాఫీగా సాగుతోంది.

నెల కిందట కొత్త పాస్టరమ్మ వచ్చింది. ఖమ్మం మనిషి, క్రమం తప్పితే ఒప్పుకోదు. ఆ ఆదివారం అట్ట ముందు నిలబడి, "ఎవరి పేరు దేని ఎదురుగ ఉంటే వాళ్లే ఆ పని చేయాలి. గోడ మీద ఒకటి, నేల మీద ఒకటి ఉండొద్దు" అంది.

పాస్టరమ్మ మాట, ఎవరూ కాదనలేదు. కమ్లి కళ్లజోడు ఇంట్లో మరిచిపోయి వచ్చింది. పాడేదానికి కళ్లజోడు దేనికని. బైబిలును చేతులు చాచినంత దూరం పట్టుకుని, ఒక వచనంలో మూడు మాటలు చదివి, మిగతాది రాగం తీసింది. తర్వాత పాట. విశ్రాంతమ్మ లేచింది. మొదటి చరణం అందుకుంది. రెండోది గుర్తు రాలేదు. ఈలోగా పక్క వసారాలో రూప్లి డబ్బాలన్నీ తెరిచి మూస్తున్న చప్పుడు వినబడింది. విశ్రాంతమ్మ పాట ఆపకుండా, అదే రాగంలో,

"చక్కెర డబ్బా పై అరలో ఉన్నది," అంది.

ఒకరు పాడిన మాటను అందరూ తిరిగి పాడడం ఆ కూడికకు అలవాటు. ముప్ఫై మంది ఆడవాళ్లు కళ్లు మూసుకుని, "పై అరలో ఉన్నది," అని అందుకున్నారు. రెండుసార్లు.

గ్రేస్ కొంగు నోట్లో కుక్కుకుంది. కుక్కుకున్న కొంగుతోనే ఆగిపోయింది. అట్ట వైపు చూసింది. తప్పు ఇవాళ పుట్టింది కాదు, పదేళ్లది. అందరూ సర్దుకున్నారు కాబట్టి బయటపడలేదు. ఇవాళ ఒకావిడ వచ్చి పేరుకు పేరు సరిగ్గా చదివేసరికి కూలింది.

"ఆ ప్రోగ్రామ్‌లో పాస్టరమ్మను నేనే," అనుకుంది గ్రేస్.

టీ తాగకుండానే లేచింది. తాగినవాళ్లు తర్వాత చెప్పారు, చాపలు నానబెట్టిన నీళ్లలా ఉందని.

ఇంటికొచ్చి ఈసారి తన రాత జోలికి పోలేదు. పని అడిగేవాళ్లు ఎక్కడ కూర్చుని అడుగుతున్నారో వెతికింది. అరగంటలో దొరికింది. ఎనిమిదేళ్ల కింద ఎవరో వరుస మధ్యలో ఒక కొత్త కుర్చీ వేశారు, 'నడుపు'కు సరిగ్గా ముందు. నాలుగు బోర్డుల కాగితాల్లో దానికి చీటీ రాశారు, ఉత్తుత్తి బోర్డుకు మరిచిపోయారు. కింది చీటీలన్నీ ఒక్కో కుర్చీ పైకి జరిగాయి: 'నడుపు' చీటీ కొత్త కుర్చీలోకి, 'ఆపు' చీటీ 'నడుపు' కుర్చీలోకి. కాగితం దిద్దడానికి బదులు ఇంకెవరో తొమ్మిది లైన్లు రాశారు: ఈ బోర్డు అయితే 'నడుపు' నుంచి కింది ప్రతి పనికీ ఒక కుర్చీ పైన అడగండి. పైన ఇంగ్లీషులో ఒక హెచ్చరిక, ఇది ఇంతే, ముట్టుకోవద్దని. గ్రేస్ క్లాసులో ఎవరి పని వాళ్ల పేరు కిందికి చేరింది. అడిగేవాళ్లు మాత్రం పాత అలవాటు కొద్దీ ఒక కుర్చీ పైనే అడుగుతున్నారు. 'ఆపు' కోసం వెళ్లినవాడికి 'నడుపు' దొరికింది. 'నడుపు' కోసం వెళ్లినవాడికి ఖాళీ కుర్చీ దొరికింది.

తొమ్మిది లైన్లు కొట్టేసింది. పరీక్షలన్నీ పాసయ్యాయి.

సోమవారం పొద్దున వెంకటరామారావు ఫోన్ చేశాడు. సంగతంతా విన్నాడు.

"ఆ తొమ్మిది లైన్లు నేనే రాశానమ్మా," అన్నాడు. "నువ్వు అక్కడే ఉండు. ఇక్కడికొచ్చి కూర్చుంటే ఇంకెన్ని బయటపడతాయో."

మధ్యాహ్నం రాజ్యశ్రీ, శనివారం దాకా ఆగలేక, భద్రాచలం బయల్దేరుతూ దారిలో తొంగి చూసింది. గ్రేస్ సంగతంతా చెప్పింది. రాజ్యశ్రీ స్టూలు మీద ఒరిగి ఒరిగి నవ్వింది. గ్రేస్ అప్పటికే చర్చి కొత్త అట్టకు కాగితం టైపు చేసి పెట్టింది. ప్రతి పనికీ పేరుకూ మధ్య గీత. ఎవరు వచ్చినా పోయినా చెదరదు. గోడకానుకుని కూర్చున్న విశ్రాంతమ్మ మాత్రం దాన్ని చూడనన్నట్టు ముఖం తిప్పుకుంది.

"ఏమైంది పెద్దమ్మా?" అంది రాజ్యశ్రీ.

"ఏం గాలే బిడ్డా. పదేండ్ల సంది పాట ఎదురుగ నా పేరుండె. కొత్తోళ్లు చూసి, ఈమె పాడుతదేమో అనుకునేటోళ్లు. ఎన్నడు అడగలే గనక ఎన్నడు పాడలే. నిన్న ఒక్క పాట పాడిన. ఇయ్యాల పీకేస్తున్నరు."

గ్రేస్ అత్తగారిని చూసింది. కాగితాన్ని చూసింది. కలం తీసి ఒకచోట ఏదో రాసి, మడిచి, రాజ్యశ్రీతో పాటు వాకిట్లోకి నడిచింది.

"అక్కా, చర్చి నీ దారిలనే గదా. గిది పాస్టరమ్మకు ఇచ్చి పో. పాట కాడ కమ్లి పేరు, దాని పక్కన అత్తమ్మ పేరు గూడ రాసిన. ఒక్క పనికి ఇద్దరేందని అడుగుతది. అత్తమ్మ గిన పాడకపోతే నేను ఈపాటికి హైదరాబాదు బస్సుల ఉండేదాన్నని నువ్వు చెప్పకు, పాస్టరమ్మకు సమజ్ గాదు. కోరస్ అని చెప్పు. టీ మాత్రం అత్తమ్మనే పెడతదని గట్టిగ చెప్పు."