నల్ల డ్రిల్లు గుడ్డ, తెల్ల లాల్చీ

పనిలోకి నాలుగు గట్టి బట్టలు కుట్టించుకోబోయి కుదిరే పెళ్ళిని కాలదన్నుకోబోయిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఏలూరు రండి. ఏదో ఒక లారీ కింద పడుకుని ఉంటాను. కాళ్ళు పట్టుకు లాగితే బయటికొచ్చి మొత్తం చెబుతాను. అంత దూరం రాలేనివాళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను మస్తాన్ గారి షెడ్డులో మెకానిక్కుని. మాకు వచ్చేవన్నీ చేపల లారీలే. కొల్లేరు చెరువుల్లో చేపలు పట్టి, ఐసు కొట్టి, ఎక్కడెక్కడికో తీసుకుపోయే లారీలు. అవి దారిలో మొరాయిస్తే మా దగ్గరికి తోలేవారు. కిందికి దూరి పడుకుంటే పైనుంచి గ్రీజు, పక్కనుంచి డీజిలు, నడుమ నడుమ చేపల నీళ్ళు ముఖం మీద పడేవి. అలాంటి చోట బట్ట బతకడం కష్టం. టెర్లిన్ చొక్కా వేసుకుంటే వెల్డింగ్ రవ్వ పడి జల్లెడైంది. జీన్సు ప్యాంటు గట్టిదని ఎవరో అంటే కొన్నాను. కొల్లేటి గట్టు మీద దిగబడ్డ లారీ దగ్గరికి ఆ ప్యాంటుతో వెళ్ళి, ఆ బురదలో నానాక నేను బయటికొచ్చాను గానీ ప్యాంటు రానంది. ఇంటికొస్తే మా అమ్మ ఆ బట్టల్ని కర్రతో ఎత్తి పెరట్లో పడేసేది. వీటిని చూస్తే ఏ పిల్లా ఈ ఇంటికి కోడలిగా రాదని దెప్పేది.

సరిగ్గా అప్పుడే సుగుణ సంబంధం వచ్చింది. ఉంగుటూరు అమ్మాయి. వాళ్ళ నాన్న యోహాను మాస్టారు బడిలో టీచరు, చర్చిలో పెద్ద. ఒక ప్రార్థన కూటంలో ఆ పిల్లను చూశాను. పాటలో ఒక చరణం తప్పి, తనలో తనే నవ్వుకుని, మళ్ళీ అందుకుంది. ఈ పిల్ల కాకపోతే నాకింకెవరూ వద్దని ఆ క్షణాన్నే నిశ్చయించుకున్నాను. మా దావీదు బుద్ధిమంతుడని మా అమ్మ చెప్పి పంపింది. మాస్టారు సరేనన్నారు గానీ, సంబంధం తెచ్చిన పెద్దమనిషి నన్ను పక్కకు పిలిచి హెచ్చరించాడు. మాస్టారు చెప్పాపెట్టకుండా వస్తారట. పిల్లాణ్ణి ముస్తాబులో కాదు, పనిలో చూడాలన్నది ఆయన పట్టుదలట.

అంటే ఏ రోజున, ఏ లారీ కిందనుంచి లేచినా నేను శుభ్రంగా కనబడాలి. ఆలోచించాను. గ్రీజు నల్లగా ఉంటుంది. గుడ్డ కూడా నల్లగా ఉంటే గ్రీజు ఏదో గుడ్డ ఏదో ఎవరికి తెలుస్తుంది? నా తెలివికి నేనే ముచ్చటపడి, ఆషాఢం సేల్ నడుస్తుండగా తాడేపల్లిగూడెం వెళ్ళి, కొట్టులో ఉన్నవాటిల్లోకెల్లా మందమైన నల్ల డ్రిల్లు అడిగాను. కొట్టాయన లోపలి అరలోంచి తాను తానే మోసుకొచ్చాడు. ఈ రోజుల్లో ఇది అడిగేవాళ్ళు ఉండరండీ, అని ఎంతో సంబరంగా కట్టి ఇచ్చాడు. ఏ రోజుల్లో అడుగుతారని నేను అప్పుడైనా అడిగి ఉండాల్సింది.

చొక్కాలతోపాటు లుంగీలు కూడా అదే గుడ్డతో చేయించాను. బురదలోకి దిగేటప్పుడు లుంగీ అయితే ఎగ్గట్టుకోవచ్చని, ప్యాంటు నేర్పిన పాఠం. టైలరు రేపన్నాడు. టైలర్ల రేపు సంగతి మీకు తెలిసిందే. ఆషాఢం పోయింది, శ్రావణం పోయింది, దసరా వెళ్ళి దీపావళి కూడా వెళ్ళిపోయింది. తర్వాత ఒక శనివారం బట్టలు చేతికొచ్చాయి. ఆ ఆనందంలో నా పాత బట్టలన్నీ కత్తిరించి, చేతులు తుడుచుకునే వేస్టు గుడ్డల సంచిలో కుక్కేశాను. ఆదివారం చర్చికి వెళ్ళొచ్చి, సోమవారం పొద్దున్నే నల్ల చొక్కా, నల్ల లుంగీ, మెడలో తువ్వాలుతో షెడ్డుకు బయల్దేరాను. పది రోజులుగా పని ఎక్కువై గడ్డం కూడా గీసుకోలేదు.

అది కార్తీక సోమవారం.

మీకు అర్థమైపోయింది కదూ? నాకు మాత్రం బస్సులో అర్థమైంది. ఒక పెద్దావిడ లేచి నిలబడి, కూర్చోండి స్వామీ అని సీటు ఇచ్చింది. ఊళ్ళో సగం మంది మగవాళ్ళు అయ్యప్ప మాల వేసుకుని నల్లబట్టల్లో తిరిగే నెలలో నేనూ అచ్చం వాళ్ళలా ఉన్నాను. మాల ఏదని అడుగుదామన్నా మెడలో తువ్వాలు అడ్డం. లారీ కింద దూరేముందు చెప్పులు బయట విడుస్తాను కాబట్టి షెడ్డులో చూసినవాళ్ళకు నా కాళ్ళకు చెప్పులు కూడా కనబడవు.

అందరికన్నా ఎక్కువ కష్టపడింది పాపం మస్తాన్ గారు. ఆయనకు బోల్టు ఊడాలంటే స్పానర్ ఎంత అవసరమో తిట్టు అంత అవసరం. ఆ పొద్దున నన్ను చూసి నోట్లోకి వచ్చిన మాటను గుటక వేశారు. చర్చికి వెళ్ళే కుర్రాడు ఏదో పెద్ద మొక్కు మొక్కుకుని ఉంటాడనీ, అడిగితే నొచ్చుకుంటాడనీ అనుకున్నారట. మా వైపు మర్యాద అలాంటిది. మనిషి నెత్తిన కొమ్ములు మొలిచినా, బాగున్నారా అండీ అంటాం గానీ కొమ్ముల ఊసెత్తం.

"స్వామీ, కాస్త ఆ జాకీ ఇలా అందిస్తారా అండీ?" అన్నారాయన. అంతవరకూ నన్ను ఏరా తప్ప ఇంకోలా పిలిచి ఎరగరు.

నేను స్వామిని కానండీ అని చెప్పకపోలేదు. చెప్పాను. అది నా వినయం అనుకున్నారు. ఉండి అనే ఊరి నుంచి వచ్చే లారీ ఓనరు రాజుగారు ఎప్పుడొచ్చినా మాకొక కొరమీను తెచ్చేవారు. ఆ వారం నాకని విడిగా అరటిపళ్ళు కూడా తెచ్చి, "కన్నెస్వామా అండీ?" అని చేతులు జోడించారు. నా కళ్ళ ముందే ఆ కొరమీను మస్తాన్ గారింటికి వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

ఇక్కడ ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. నాలుగో రోజుకి ఆ మర్యాద కొంచెం రుచించింది. లారీ ఎప్పటికవుతుందని నెత్తిమీద నిలబడి అరిచే డ్రైవర్లు, మీ వీలునిబట్టి చూడండి స్వామీ అనేవారు. ఎవరో వేడి పాలు తెచ్చేవారు. కానండీ, కానండీ అనే ఓపిక నాకు రోజురోజుకీ తగ్గింది. సరిగ్గా అలాంటి గురువారం నాడు యోహాను మాస్టారు బస్సు దిగారు.

నేనప్పుడు రాజుగారి లారీ కింద గేరుబాక్సుతో కుస్తీ పడుతున్నాను. పైన మాటలు వినబడుతున్నాయి. మస్తాన్ గారు కుర్చీ తుడిచి వేశారు. వచ్చినాయన పిల్లనిచ్చే మావగారని తెలియగానే, నాకు మేలు చేయాలని ఆయన మనసు ఉప్పొంగింది.

"మావాడి గురించి మీరు బెంగ పెట్టుకోకండి మాస్టారూ. ఎంత నిష్ఠగా ఉన్నాడనుకున్నారు? చేప ముట్టడు. నోట చెడ్డమాట రాదు. పొద్దున్నే చన్నీళ్ళ స్నానం" అన్నారు.

"ఎందుకండీ?" అన్నారు మాస్టారు.

నేను గబగబా బయటికి పాకాను. నిలబడ్డానో లేదో, లారీ దూరం వెళ్ళాలి దీవించండి స్వామీ అంటూ రాజుగారు నా కాళ్ళకు వంగారు. ఆయన్ని లేపబోయి నా చెయ్యి ఆయన నెత్తిమీద పడింది. చూసేవాళ్ళకు అది ఎలా కనబడిందో నేను చెప్పక్కర్లేదు. మాస్టారు నన్ను కిందనుంచి పైదాకా చూశారు. టీ తాగారు. బట్టలు శుభ్రంగానే ఉన్నాయి బాబూ అని మెల్లగా చెప్పి బస్సెక్కేశారు.

నేను అక్కడే కూలబడి మస్తాన్ గారికి గూడెంలో గుడ్డ కొన్న దగ్గర్నుంచి మొత్తం చెప్పాను. ఆయన ముందు నోరు తెరిచారు. తర్వాత, సోమవారం నుంచి కడుపులో దాచుకున్న తిట్లన్నీ వరసగా బయటికి తీశారు. ఆ తిట్లు వింటుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. మా మధ్య అంతా మళ్ళీ మామూలైపోయింది.

"ఇంకా కూర్చున్నావేంరా? ఆ పిల్ల చెవిన పడకముందే వెళ్ళి చెప్పు" అన్నారు.

మా ఇల్లు కొల్లేటి వైపు, ఉంగుటూరు అటు వైపు. ఇంటికెళ్ళి చర్చి బట్టలు మార్చుకునే వ్యవధి లేదు. శుక్రవారం నమాజుకని మస్తాన్ గారు ఇస్త్రీ చేయించి షెడ్డులో పెట్టుకున్న తెల్ల లాల్చీ పైజమా ఉన్నాయి. అవి తీసి నాకు తొడిగారు. డీజిలు కంపు పోవాలని అత్తరు కూడా పూశారు. తెలుపు శాంతికి గుర్తు, మాస్టారికి నచ్చుతుంది అనుకుంటూ తాడేపల్లిగూడెం బస్సెక్కాను. పక్క సీటాయన నాకు సలాం చెప్పాడు. మర్యాదకు నేనూ చెప్పాను. అప్పుడైనా బుర్ర వెలగలేదు.

మాస్టారు వాకిట్లో పడక్కుర్చీలో ఉన్నారు. తల ఎత్తారు. గడ్డం చూశారు, లాల్చీ చూశారు, గాలి పీల్చి అత్తరు కూడా చూశారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"కూర్చో బాబూ. మధ్యాహ్నం అలా కనబడ్డావు, సాయంత్రం ఇలా కనబడుతున్నావు. ఆదివారం దాకా ఆగి చూద్దామా?" అన్నారు.

లోపల ఏదో గిన్నె జారిపడింది. తర్వాత నవ్వు వినబడింది. ప్రార్థన కూటంలో నేను చూసిన నవ్వే అది. దాంతో నాకు ధైర్యం వచ్చి డ్రిల్లు గుడ్డ, ఆషాఢం, టైలరు, వేస్టు గుడ్డల సంచి, కొరమీను, ఒక్కటి వదలకుండా చెప్పేశాను. మీకు శుభ్రంగా కనబడాలనే ఇదంతా చేశానండీ అన్నాను. మాస్టారు నమ్మారో లేదో ముఖంలో తెలియలేదు.

అప్పుడు సుగుణ గుమ్మంలోకి వచ్చింది.

"నాన్నా, పొద్దున వండిన కొరమీను పులుసు ఉంది. వడ్డించమంటారా? మాల వేసుకున్నవారైతే ఎలాగూ తినరు కదా" అంది.

నాలుగు రోజులుగా అరటిపళ్ళ మీద బతికినవాడి ముందు పులుసు పెట్టారు. తర్వాత ఏం జరిగిందో నాకు సరిగా గుర్తులేదు. గిన్నె ఖాళీ అయిందనీ, మస్తాన్ గారి లాల్చీ మీద పులుసు పడిందనీ, మాస్టారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారనీ మాత్రం గుర్తు. మా పెళ్ళి ఆ పులుసు గిన్నె దగ్గరే కుదిరిందని సుగుణ ఇప్పటికీ అంటుంది.

గుడ్డ విషయంలో మాత్రం నా ఎంపికకు వంక పెట్టలేరు. ఆ నల్ల డ్రిల్లు ఇంతవరకూ చిరగలేదు. కార్తీకం దగ్గర పడగానే సుగుణ ఆ నల్ల బట్టల్ని బీరువాలో పెట్టి తాళం వేసి, ఖాకీ చొక్కాలు బయటికి తీస్తుంది. మస్తాన్ గారి లాల్చీకి పడ్డ పులుసు మరక కూడా అలాగే పోకుండా ఉండిపోయింది.

కాబట్టి ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట క్యాలెండరు చూడకుండా గుడ్డ కొనను. గడ్డం ఉండగా తెల్ల లాల్చీ తొడగను. రంగు ఏదైనా సరే, సుగుణకు చూపించకుండా కుట్టించను. ఇది వినగానే మా మావగారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ, ప్రమాణం బాగానే ఉంది గానీ అల్లుడూ, ఇంతకీ ఏ పుస్తకం మీద చేస్తున్నావు అని అడిగారు.